అన్నీ చెప్తారు, అసలుది తప్ప

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది కడప జిల్లా. 2019 బ్యాచ్ ఎంబీబీఎస్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేరి ఏడాది కావస్తోంది. రోజుకు ఓపీ ఎనభైకి తగ్గదు, సోమవారం వందకు చేరుతుంది. నా బాధేమిటంటే, రోగులు చెప్పాల్సింది నాకు చెప్పరు. ఒకావిడ గ్యాస్ అంటూ పదేపదే వచ్చింది. వచ్చినప్పుడల్లా ఎసిడిటీకి వాడే పాంటాప్ రాసిచ్చాను. నడిస్తే గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటోందని చివరికి మా ఏఎన్‌ఎమ్‌తో చెప్పింది. ఈసీజీలో మార్పులు కనిపించాయి, వెంటనే శ్రీకాకుళం పంపించాం. ఆ ముక్క నాతో ఎందుకు చెప్పలేదు? ఇంకొకాయనకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మూడు దాటింది. నొప్పి బిళ్ళలు వాడుతున్నారా అంటే లేదన్నాడు. చీటీ తీస్తుంటే జేబులోంచి డైక్లోఫెనాక్ స్ట్రిప్ జారి పడింది. ఇలా అబద్ధాలు చెప్పేవాళ్ళకు వైద్యం ఎలా చెయ్యాలి? పైగా నా దగ్గర చీటీ రాయించుకుని నేరుగా ఆర్ఎంపీ దగ్గరకు పోతారు. ఇక్కడి యాస నాకు సగమే అర్థమవుతుంది. కాలేజీలో రోగితో మాట్లాడే తీరు, వైద్య నీతి నేర్పే ఎట్‌కామ్ క్లాసులు పెట్టారు గానీ హాజరు వేయించుకుని బయటపడ్డాం. ఉన్న రెండు మూడు నిమిషాల్లో ఏం అడగాలి, ఎలా అడగాలి?
– ఒక వైద్యాధికారి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఆయన అబద్ధం చెప్పాడన్నారు. ఉద్దానంలో నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలు పోతాయన్న మాట వినని ఇల్లుండదు. అది విన్న మనిషిని, క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పట్టుకుని, "నొప్పి బిళ్ళలు వాడుతున్నారా?" అని అడిగారు. ఆయన చెవికి అది ప్రశ్నలా వినపడదు, "నీ చేతులారా నువ్వే చేసుకున్నావు కదా" అన్నట్టు వినపడుతుంది. లేదు బాబూ అనక ఇంకేమంటాడు? అవునని తల వంచుకునే ధైర్యం మనలో ఎంతమందికుంది? రోగి నిజం దాచాడని మనం అనుకునే చోట చాలాసార్లు మన ప్రశ్నే ఆ నిజానికి దారి మూసేసి ఉంటుంది.

ఆయన్నే ఇలా అడిగి చూడండి: "పొద్దస్తమానం తోటలో పనిచేసి వస్తే ఒళ్ళు నొప్పులు ఉండవా మరి! అప్పుడేం వేసుకుంటారు? ఒక బిళ్ళతో తగ్గుతుందా, రెండు కావాలా? కొట్లో తెచ్చుకుంటారా, మెడికల్ షాపులోనా?" నొప్పి రావడం సహజమేనని, ఏదో ఒకటి వేసుకోవడమూ సహజమేనని మీరే ముందు ఒప్పుకున్నారు. ఇక ఆయన చెప్పాల్సింది పేరూ లెక్కే. పేరు తెలియకపోతే, ఖాళీ అయిన అట్టలన్నీ ఈసారి కవర్లో వేసి తెమ్మనండి, ఇంట్లో ఎవరివైనా సరే అనండి. అట్టలు చూశాక మాత్రం గట్టిగా అరవకండి. ఒక్కసారి అరిస్తే ఆ కవరు మళ్ళీ మీ బల్ల మీదకు రాదు. "ఇది మానెయ్" అని ఊరుకోవడమూ చాలదు. రాత్రి నడుం పట్టేస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలియాలి కదా. బదులుగా పారాసెటమాల్ ఎంత మోతాదులో, రోజుకు ఎన్నిసార్లు వేసుకోవచ్చో రాసిచ్చి పంపండి. లేకపోతే సాయంత్రానికి మళ్ళీ డైక్లోఫెనాకే.

తాగుడు విషయమూ అంతే. భార్య పక్కనుండగా "మందు తాగుతావా?" అంటే వచ్చే జవాబుకు విలువ లేదు. బీపీ చూసే వంకన ఆవిడను బయట కూర్చోబెట్టి, "క్వార్టరు ఎన్ని రోజులకు వస్తుంది?" అని మామూలుగా అడగండి. లెక్క ఆయనే చెప్తాడు. పొగాకు దగ్గర మీ జిల్లాకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. కడప నుంచి వచ్చారు కాబట్టి చెప్తున్నాను. "సిగరెట్టు, బీడీ తాగుతారా?" అని ముసలావిడను అడిగితే లేదంటుంది, అది నిజమే కూడా. ఆవిడ కాల్చేది చుట్ట, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం పల్లెల్లో పది వేల మందికి పైగా మనుషుల అంగిళ్ళు చూసి డాక్టర్లు 1971లోనే దీని మీద రాశారు. ఆ అలవాటు అంగిట్లో తెల్లమచ్చలకు, పుండ్లకు, క్యాన్సర్‌కు దారితీస్తుంది. పేరు పెట్టి అడగండి, టార్చి వేసి అంగిలి చూడండి.

ఇక టైము సంగతి. మీరు తప్పకుండా ఎత్తుతారని తెలుసు. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నాలుగు గంటలు, ఎనభై మంది, అంటే మనిషికి మూడు నిమిషాలు. అందుకే రోగి రెండో వాక్యం ఎత్తుకునే లోపు మనం ప్రశ్న వేసేస్తాం. ఈ తొందర మన ఓపీలదే కాదు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 1984లో 74 సంప్రదింపులను రికార్డు చేసి విన్నారు. రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవారు 17 మందే. వదిలేస్తే గంటలు చెప్తారన్న భయానికి జవాబు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చింది. 2002లో అక్కడి ఓపీలో 335 మందిని అడ్డుపడకుండా మాట్లాడనిచ్చి గడియారం పెట్టి చూశారు. సగటు 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు.

బాసెల్ ఆసుపత్రికీ మీ పీహెచ్‌సీకీ పోలికేమిటని అడగొచ్చు. నిజమే, ఎనభై మందికీ ఆ 92 సెకన్లు మీరివ్వలేరు. ఇవ్వనక్కర్లేదు కూడా. మీ ఎనభైలో బీపీ, షుగరు మాత్రల కోసం వచ్చేవాళ్ళెందరో ఒక వారం గీతలు పెట్టి చూసుకోండి. బీపీ చూడటం, షుగరు చూడటం, మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం స్టాఫ్ నర్సు ముందే చేసి చీటీ మీద రాస్తే వాళ్ళతో మీకు నిమిషం చాలు. అలా మిగిలిన టైమంతా కొత్తగా వచ్చినవాళ్ళకూ, ఒకే బాధతో మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకూ పెట్టండి. మళ్ళీ వచ్చినవాళ్ళను చూస్తే విసుగొస్తుంది, తెలుసు. కానీ మందు రాసినా తిరిగొచ్చారంటే మొదటిసారి మనం వినాల్సిందేదో మిగిలిపోయిందన్నమాట.

గ్యాస్ ఆవిడ దగ్గరికొద్దాం. తెలుగువాళ్ళు గ్యాస్ అంటే అది రోగం పేరు కాదు. పొట్ట ఉబ్బరం, ఛాతీలో మంట, వీపులో పట్టేయడం, గుండె దడ, చివరికి గుండెపోటు కూడా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఆ మాట వినగానే పాంటాప్ రాస్తే రోగ నిర్ణయం ఆవిడ చేసినట్టు, మీరు కాదు. "గ్యాస్ అంటే మీకు ఎక్కడ, ఏమవుతుంది? చేత్తో చూపించండి" అనండి. అరచెయ్యి పరిచి ఛాతీ మధ్య పెట్టిందా, పిడికిలి బిగించిందా చూడండి. తర్వాత పనుల్లోంచి అడగండి: "బావి నుంచి బిందె మోసుకొస్తున్నప్పుడు వస్తుందా, తిన్నాక కూర్చున్నప్పుడా? నిలబడిపోతే తగ్గుతుందా? ఆ టైములో చెమట పడుతుందా? ఈ మధ్య దానికోసం ఏ పనైనా మానుకున్నారా?" చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. నొప్పిని తక్కువచేసి చెప్పేవాళ్ళు కూడా మానుకున్న పని గురించి ఉన్నదున్నట్టు చెప్తారు. షుగరున్నవాళ్ళలో నొప్పి అంతగా తెలియకపోవచ్చు, ఆయాసమో నీరసమో మాత్రమే ఉండొచ్చు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నా, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే బరువును కొట్టిపారేయకూడదు. ఇదంతా మీకు తెలిసిన పాఠమే. తెలిసిన పాఠం నోటి ప్రశ్నగా మారలేదు, అంతే.

స్కాన్లున్న ఈ రోజుల్లో ఇంకా మాటలేమిటంటారేమో. హాంప్టన్ అనే బ్రిటిష్ వైద్యుడి బృందం 1975లో కొత్తగా వచ్చిన 80 మంది ఓపీ రోగులను చూసింది. 66 మందిలో, రిఫరల్ ఉత్తరం చదివి రోగి చెప్పింది విన్నాక అనుకున్న రోగమే చివరికీ నిలిచింది. ల్యాబు పరీక్షల వల్ల నిర్ణయం మారింది ఏడుగురి విషయంలోనే. ఆ తర్వాత పరీక్షలు ఎంతో పెరిగాయి, ఒప్పుకుంటాను. మీ పీహెచ్‌సీలో మాత్రం పెరగలేదు కదా!

ఆ గ్యాస్ ఆవిడ ఏఎన్‌ఎమ్‌తో ఎందుకు చెప్పిందో చూద్దాం. ఏఎన్‌ఎమ్ పక్కన కూర్చుని ఉంటుంది. మీ గదిలో ఆవిడ నిలబడే ఉందేమో, వెనక క్యూ ఆవిడ భుజం మీదుగా మీ బల్ల వైపు తొంగిచూస్తోందేమో. రోగికి స్టూలు వేయించండి, మీకు ఎదురుగా కాదు, బల్ల పక్కన. తలుపు దగ్గర కర్టెన్ కట్టించండి, ఒకరు బయటికొచ్చాకే ఇంకొకరు లోపలికి రావాలని అటెండర్‌కు చెప్పండి. ఆన్‌లైన్ ఎంట్రీ చెయ్యక తప్పదు, కానీ మొదటి నిమిషం ట్యాబ్ ముట్టుకోకండి, చీటీ వైపు చూడకండి. "ఏమైందమ్మా, చెప్పండి" అని ముఖంలోకి చూసి ఊరుకోండి. వయసుతో, బట్టలతో, కులంతో సంబంధం లేకుండా పెద్దవాళ్ళందరినీ మీరు అనే పిలవండి. సర్కారు దవాఖానాల్లో కూలి మనిషిని నువ్వనే అలవాటు ఇంకా పోలేదు. అరవై ఏళ్ళ మనిషిని పాతికేళ్ళ కుర్రాడు నువ్వన్నాక ఆ మనిషి మనసు విప్పుతాడనుకోవడం అత్యాశ.

పక్కనున్నవాళ్ళు ఇంకో అడ్డంకి. కోడలికి బదులు అత్త, భార్యకు బదులు భర్త జవాబులు చెప్తుంటారు. వాళ్ళను కసురుకోకండి. ఇంటికెళ్ళాక ఆ కోపం ఆవిడ మీదే తీరుతుంది. వాళ్ళు చెప్పింది ముందు వినేసి, "సరే, పరీక్ష చెయ్యాలి, మీరు బయట కూర్చోండి" అనండి. నీరసం, నడుం నొప్పి అని వచ్చిన ఆడవాళ్ళు తెల్లబట్ట గురించీ, ఇంట్లో పడుతున్న దెబ్బల గురించీ చెప్పేది అప్పుడే. మీరు మగవారు, ఎలాగూ స్టాఫ్ నర్సు పక్కన ఉండాల్సిందే. అడిగే పని ఆవిడకే అప్పగించండి, మీరు కాసేపు చేతులు కడుక్కుంటూ అటు తిరిగి నిలబడినా నష్టం లేదు. నిద్ర పట్టట్లేదు, ఏమీ తినబుద్ధి కావట్లేదు అన్న మనిషిని "ప్రాణం విసిగిపోయి, ఇక చాలనిపించిందా ఎప్పుడైనా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెట్టారో కనుక్కోండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోన్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి, ఆ రోజు ఒంటరిగా మాత్రం పంపకండి.

గుమ్మం దాకా వెళ్ళి, "అన్నట్టు డాక్టరుబాబూ..." అని వెనక్కి తిరిగేవాళ్ళు మీకూ తగులుతూనే ఉంటారు. ఆ అన్నట్టు తర్వాత వచ్చేదే చాలాసార్లు అసలు సంగతి. దాన్ని ముందుకు లాక్కోవచ్చు. చీటీ రాయడం మొదలుపెట్టే ముందు, "ఇవి కాక ఇంకా ఏం చెప్పుకుందామని వచ్చారు?" అనండి. కలం మూస్తూ "ఇంకేం లేవుగా?" అంటే లేవనే అంటారు. ప్రశ్నను అటువైపు వంచి అడిగింది మనమే. అమెరికాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంకా ఏదో ఉందని అనుకుంటూ అడిగిన తీరు వల్ల చెప్పుకోకుండా మిగిలిపోయిన బాధలు నూటికి 78 వంతులు తగ్గాయి. సంప్రదింపు మాత్రం పెద్దగా సాగలేదు.

రోగి తన రోగం గురించి ఏమనుకుంటున్నాడో కూడా కనుక్కోవాలని పుస్తకాల్లో రాస్తారు. నేరుగా "ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నారు?" అంటే మన దగ్గర బెడిసికొడుతుంది. "అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను బాబూ" అంటారు, ఈ డాక్టరుకు ఏమీ రాదని తీర్మానించేస్తారు కూడా. "ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు? ఊళ్ళో ఏమనుకుంటున్నారు?" అని అడగండి. వేడి చేసిందని అత్త అన్నది, బీపీ మాత్రలే కిడ్నీలు పాడుచేస్తాయని పక్కింటాయన అన్నాడు, అన్నీ బయటికొస్తాయి. మాత్రలు ఎందుకు మానేశాడో అప్పుడు తెలుస్తుంది.

పథ్యం అడిగితే "అన్నీ తినొచ్చు" అని పంపేస్తారు కుర్ర డాక్టర్లు. ఇది నాకు అస్సలు నచ్చదు. పథ్యం చెప్పని డాక్టరు తన రోగాన్ని లెక్కలోకి తీసుకోలేదనుకుంటారు మనవాళ్ళు. ఆర్ఎంపీ వంకాయ మానమంటాడు, ఆయన మీద నమ్మకం కుదురుతుంది. మీరు అసలైన పథ్యమే చెప్పండి. బీపీ ఉంటే ఎండుచేప, ఆవకాయ, అప్పడం తగ్గించాలి. మీరున్నది కొబ్బరి సీమ. కిడ్నీలకు చలవని కొబ్బరి బొండాలు తాగేవాళ్ళుంటారు. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి అందులోని పొటాషియం గుండెకు ముప్పు తేవొచ్చు. రిపోర్టు చూసి, ఎవరికి ఫరవాలేదో, ఎవరు మానాలో విడివిడిగా చెప్పండి.

చెప్పింది తలకెక్కిందో లేదో "అర్థమైందా?" అంటే తేలదు. అర్థమైందనే అంటారు. "ఇంటికెళ్ళగానే మీ ఆవిడ డాక్టరేమన్నాడని అడుగుతుంది కదా, ఏం చెప్తారు?" అనండి. ఆయన చెప్పేది వింటే మీరెక్కడ తొందరపడ్డారో తెలిసిపోతుంది. మాత్రలు పొద్దున, రాత్రి అని రాసే ముందు పనికి ఎన్నింటికి వెళ్తారో అడగండి. తెల్లారకముందే జీడి ఫ్యాక్టరీకి పోయే మనిషి టిఫిన్ తర్వాత వేసుకోమంటే వేసుకోదు.

క్రియాటినిన్ ఎక్కువుందని చెప్పడం మీ ప్రాంతంలో వేరే సంగతి. పొరుగింటి మనిషినో, సొంత అన్ననో డయాలిసిస్‌కు తిప్పిన మనుషులకు ఆ అంకె వింటేనే కాళ్ళు చల్లబడతాయి. అంకె ముందు చెప్పకండి. "ఈ పరీక్ష ఎందుకు చేశామో తెలుసా? దీని గురించి ఏం విన్నారు?" అని ముందు వినండి. చెడువార్త చెప్పే ఆరు మెట్ల పద్ధతిని 2000లో బెయిల్, బక్‌మన్ తదితరులు రాశారు. స్పైక్స్ అంటారు, మీ ఎట్‌కామ్ నోట్సులో ఉండే ఉంటుంది. అందులో రోగికి ముందే ఏం తెలుసో వినే ఈ మెట్టే అసలైనది, మనవాళ్ళు దాటేసేదీ ఇదే. తర్వాత ఒక్క వాక్యంలో విషయం చెప్పి ఆగండి. ఆ నిశ్శబ్దంలో మందుల పేర్లు చెప్పకండి, ఒక్కటీ వినపడదు. తేరుకున్నాక చేయగలిగింది చెప్పండి: ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక జబ్బని తేల్చరు, మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలి, బీపీ అదుపులో పెట్టి నొప్పి బిళ్ళలు మానితే ఉన్న కిడ్నీ ఎక్కువ కాలం నిలుస్తుంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది, ఫలానా రోజు వెళ్ళండి. "నాన్నకు చెప్పకండి సార్" అని కొడుకు చాటుగా అంటే వాదించకండి, మాటా ఇవ్వకండి. "రిపోర్టు మీకే చెప్పమంటారా, అబ్బాయితో చెప్పమంటారా?" అని పెద్దాయన్నే అడగండి.

ఆర్ఎంపీ మీద అసూయ వద్దు. ఆయన వేసే స్టెరాయిడ్ సూదిని, అనవసరపు సెలైన్‌ను నేను సమర్థించను. కానీ ఆయన అరుగు మీద కూర్చోబెడతాడు, పెద్దమ్మా అంటాడు, కూతురి పురుడు ఎప్పుడని అడుగుతాడు, రాత్రి పదింటికి తలుపు తీస్తాడు. చివరిది తప్ప మిగతావన్నీ మీరూ చెయ్యొచ్చు. సూది వేయించుకున్నారా అని అడిగేటప్పుడు ఆయన్ను తిట్టకండి. తిడితే ఆ సూది వివరం ఇక మీకు దొరకదు.

యాస అనుకరించొద్దు, వెక్కిరింపులా ఉంటుంది. అర్థం కాకపోతే "నేను కడప మనిషినమ్మా, ఆ మాట ఇంకోలా చెప్పండి" అంటే నవ్వుతూ చెప్తారు. ఆ నవ్వు మీకు లాభమే. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇళ్ళల్లో ఒడియా మాట్లాడేవాళ్ళూ వస్తారు. వాళ్ళకు మీ స్టాఫ్‌లో ఒడియా వచ్చినవాళ్ళను పిలవండి, వెంట వచ్చిన చిన్నపిల్లల చేత అనువాదం చేయించకండి. తల్లి తన నెలసరి సంగతి పదేళ్ళ కొడుకు నోటితో చెప్పించదు.

ఆ గ్యాస్ ఆవిడ శ్రీకాకుళం నుంచి సంచీ నిండా మాత్రలతో మీ దగ్గరికే తిరిగొస్తుంది. అన్నీ బల్ల మీద పోయించి, ఏది ఎప్పుడు వేసుకుంటోందో ఆవిడ నోటే చెప్పించండి. ఆస్పిరిన్ పడక కడుపులో మంట పుడితే మళ్ళీ గ్యాస్ వచ్చిందనుకుని ముందు దాన్నే ఆపేస్తుంది. అందుకే "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అనకండి. "ఇన్ని మాత్రలు రోజూ మింగడం ఎవరికైనా కష్టమే, వీటిలో ఏవి మానేశారు?" అని అడగండి. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర ఆవిడ కొంగుకు కట్టుకుని తిరుగుతోందా, ఇంట్లో బీరువాలో దాచిందా కూడా కనుక్కోండి.